సముద్రపు పలకలకు దవాఖాన బండి

మా శంషాబాద్‌లో ఎవరు బండి కొన్నా, చూడ్డానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఎన్ని బస్తాలు మోస్తది? కారు కొన్నా అదే ప్రశ్న, ఆటో కొన్నా అదే ప్రశ్న. మా మేనమామ స్కూటర్ కొన్ననాడు కూడా ఎవరో అడిగారు. ఆయన ఏమాత్రం తడబడకుండా రెండు అన్నాడు, ముందొకటి, వెనకొకటి. ఎగతాళి చేస్తున్నాననుకోకండి. విమానాలు దిగకముందు ఇక్కడ దిగినవి వడ్ల బస్తాలూ టమాటా పెట్టెలే. బస్తా మోయని బండి మా కళ్లకు బండిలా కనిపించదు. నేనూ ఆ కళ్లతోనే పెరిగాను. ఆ కళ్లతోనే ఒక బండిని నమ్మి, సముద్రం మీద తేలే పలకను ఒకదాన్ని పాడుచేశాను.

ముందు నా సంగతి చెప్పాలి. మాది తొండుపల్లి. ఎనిమిదో తరగతిలో లెక్కల సారుకూ నాకూ కుదరలేదు. ఆయన బడిలో ఉండిపోయాడు, నేను బయటికి వచ్చేశాను, ఇద్దరం సుఖపడ్డాం. తర్వాత ఎయిర్‌పోర్టు దగ్గర ఓనర్ల క్యాబులు నడిపాను. పదమూడేళ్లలో నలుగురు ఓనర్లు మారారు కానీ తిట్లు మారలేదు. ఒకరి దగ్గర తిన్నవే ఇంకొకరి దగ్గర మళ్లీ తిన్నాను, వేడి చేసి పెట్టినట్టు.

మేడం కలిసింది ఆ రోజుల్లోనే. యాభై దాటిన మనిషి, కాకినాడ వైపువాళ్లు. భర్త ఉద్యోగం కోసం వచ్చి శంషాబాద్‌లోనే ఫ్లాటు కొనుక్కుని ఉండిపోయారు. ఆ రోజు గోవా విమానం దిగి, తనకంటే ఒకటిన్నర రెట్లు పొడవున్న రెండు సంచులతో బయట నిలబడ్డారు. నలుగురు డ్రైవర్లు ఆ సంచుల్ని చూసి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. ఎవరైనా కాదన్న పని కనిపిస్తే నాకు చెయ్యి దురద పెడుతుంది. ముందు సీటు పూర్తిగా వెనక్కి వాల్చి, సంచుల మూతులు ముందద్దానికి ఆనేదాకా తోసి, మేడంను వెనక మూలన ఇరికించి ఇంటికి చేర్చాను.

లోపల ఏముందని దారిలో అడిగాను. ఒకటి సర్ఫింగ్ బోర్డట, అల వచ్చినప్పుడు దాని మీద నిలబడి జారతారు. రెండోది విండ్‌సర్ఫింగ్ బోర్డు, దానికి తెరచాప బిగించి గాలిని పట్టుకుని పోతారు. ఇక్కడి నుంచి సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే మేడం అని నా తెలివి చూపించాను.

"అందుకేనండీ, మంచి బండి కావాలి" అన్నారు.

ఆఫీసు ఉద్యోగాలు చేసేవాళ్లకు ఆమె వారం వారం చెరువులో ఈ బోర్డుల ఆట నేర్పిస్తారు. నెలకోసారి బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి తీసుకెళ్తారు. మనుషులు రైలెక్కి పోతారు. తొమ్మిది బోర్డులూ, తెరచాపలూ, వాటి పొడుగాటి కర్రలూ మాత్రం రోడ్డు మీదే పోవాలి. తెచ్చేవాళ్లు ప్రతిసారీ ఏదో ఒకటి విరగ్గొడుతున్నారని, నమ్మకమైన సొంత బండి ఉన్న మనిషి దొరికితే నెలనెలా పని అతనికే ఇస్తానని చెప్పారు. ఆ సాయంత్రమే ఓనర్ చేతిలో తాళాలు పెట్టేశాను. నెల తిరక్కముందే తిరిగొచ్చి నా కాళ్ల దగ్గర నిలబడతావన్నాడు. రాను, కావాలంటే పార్కింగ్‌లో ఉన్న అందరినీ సాక్ష్యం పెట్టుకో అన్నాను. నిజం చెప్పాలంటే అప్పటికి నా దగ్గర బండి లేదు. నోరు మాత్రమే ఉంది.

మొదటి ప్రయాణానికి మా బామ్మర్ది ట్రాలీ తీసుకున్నాను. రోజూ మార్కెట్‌కు టమాటా మోసే బండి. ఎంత లోడెత్తినా నడుం వంచదని వాడి గర్వం. మార్కెట్ లోడు ఎలా కడతామో అలాగే కట్టాం. కింద గడ్డి, పైన నల్ల టార్పాలిన్, దాని మీద నైలాన్ తాడు, తాడు మధ్యలో కర్ర దూర్చి మెలి మీద మెలి. టమాటా పెట్టెలు అలా కడితేనే కదలకుండా నిలుస్తాయి. మేమిద్దరం తాడు మీద వేలితో కొట్టి చూసి, తీగలా మోగిందని మురిసిపోయాం.

బోర్డు టమాటా పెట్టె కాదు. పైన సన్నటి గట్టి పెంకు, లోపలంతా బెండులాంటి నురగ. తొమ్మిదీ కలిపినా రెండు బస్తాల బరువు కూడా లేవు. ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన వెనక కమాన్లు బరువుంటేనే లొంగుతాయి. బరువు లేకపోయేసరికి మా ట్రాలీ ప్రతి స్పీడ్ బ్రేకర్ మీదా తాడు తెంపుకున్న దూడలా ఎగిరింది. సూర్యలంకలో టార్పాలిన్ తీసేసరికి, తాడు పడ్డ చోట ఒక బోర్డు నడుం కుంగిపోయి, దాని పక్కనే పగులు. పగిలిన బోర్డు నీళ్లు తాగుతుంది. నీళ్లు తాగిన బోర్డు సముద్రానికి పనికిరాదు.

మేడం అరవలేదు. అరిస్తే బాగుండేది, నాకు అలవాటే. పగులు మీద వేలితో రాసి, నా వైపు తిరిగారు.

"మీరు వీటిని సరుకులా కట్టారండీ. వచ్చే నెల పెద్ద క్యాంపు పెట్టుకున్నాను. ఇంకొక్కసారి మీకే ఇస్తాను. ఒక్కటి దెబ్బతిన్నా వేరేవాళ్లను చూసుకుంటాను, ఏమీ అనుకోవద్దు."

చిన్నప్పుడు బడిలో పలక పగలగొడితే ఒక్క బెత్తం దెబ్బతో పోయేది. ఇప్పుడు పలక పోతే పని పోతుంది, పని పోతే పార్కింగ్‌లో ఓనర్ నవ్వు. ఆ నవ్వు నాకు తెలుసు. పై వరసలో బంగారు పన్ను ఒకటుంటుంది. దాన్ని మళ్లీ చూడకూడదని నిర్ణయించుకుని బండి వెతకడం మొదలుపెట్టాను.

సలహాలకు కరువు లేదు. బామ్మర్ది ఇంకా పెద్ద ట్రాలీ కొనమన్నాడు. పగిలింది బండి చిన్నదవడం వల్లేనని వాడి సిద్ధాంతం. చెరువులో నేర్చుకునే ఒక కుర్ర ఇంజినీరు పెద్ద కారు కొని పైన కట్టుకోమన్నాడు. ఒకతని కారు పైన కట్టి రింగు రోడ్డు మీద పోయి చూశాం. గాలికి బోర్డుల మూతులు పైకి లేస్తుంటే కారు విమానమవుతుందేమోనని భయమేసింది. మేడం ఇంకో మాట చెప్పారు, ఎండలో గంటలు గంటలు పెడితే నురగ నుంచి పెంకు ఊడి ఉబ్బుతుందట. అంటే పైన కట్టడం కుదరదు, నల్ల టార్పాలిన్ కింద పెట్టడమూ కుదరదు. మూసిన బండి కావాలి, లోపల గాలాడాలి. తొమ్మిదడుగుల పొడవు చాపుకునే చోటుండాలి. ఎగరకూడదు. దారిలో ఆగిపోతే ఏ ఊళ్లో అయినా సామాను దొరకాలి. పెళ్లికొడుక్కు కూడా మా ఊళ్లో ఇన్ని షరతులు పెట్టరు.

కాటేదాన్‌లో ఒక ముసలి మేస్త్రి ఉన్నాడు. నా క్యాబులన్నీ ఆయన షెడ్డులోనే బాగయ్యేవి. నా షరతులన్నీ విని, బీడీ ఆర్పి, పగిలిన బోర్డు ఫొటో ఫోన్‌లో చాలాసేపు చూశాడు.

"బస్తా ఎగిరితె ఏం గాదు తమ్మీ" అన్నాడు. "ఇవి బస్తాలు గావు, ఇవి మనుషులసొంటివి. లోడు మోసే బండి జూడకు. పేషెంట్‌ను మోసే బండి జూడు."

షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. ఒక ప్రైవేటు దవాఖాన అమ్మేసిన పాత అంబులెన్సు గోడ నీడలో ఉంది. వెనక తలుపులు బార్లా తెరుచుకున్నాయి. మనిషిని కాళ్లు చాపి పడుకోబెట్టే చోటు, డ్రైవరు వెనక అడ్డు తీసేస్తే తొమ్మిదడుగులు దాటుతుంది. పక్కన తోడు వచ్చినవాళ్లు కూర్చునే బల్ల. పైకప్పుకు గాలి కిటికీ. మెత్తటి స్ప్రింగులు. ఇంజను గురించి అడిగితే, దీనికి టైముకు ఆయిలు మార్చకుంటే మనుషులు సస్తరు, అందుకే మార్చిండ్రు అన్నాడు. ఇంతకంటే మంచి మాట ఏ షోరూములోనూ చెప్పరు.

అయినా నాకు నమ్మకం చాల్లేదు. మాటలు నమ్మి ఒక బోర్డు పోగొట్టుకున్నవాణ్ణి. బోర్డు పడుకునే చోట నేనే పడుకుంటాను, నువ్వు కాటేదాన్ సందులన్నీ తిప్పు, ఎగిరితే కొనను అన్నాను. ఫ్యాక్టరీల లారీలు తిరిగి తిరిగి ఆ సందుల్లో రోడ్డు కంటే గుంతలే ఎక్కువ. బోర్డుకు చేతులుండవు కదా అని రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, ఏ గుంతలో ఎంత అదురుతుందో ఒంటితో పట్టుకోవాలని కళ్లు మూసుకుని పడుకున్నాను. గుంత తర్వాత గుంత దిగింది బండి. ఎగరలేదు. ఉయ్యాలలా ఊగింది. మూడో మలుపు దగ్గర నిద్ర పట్టింది.

సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఆటో మా ఊరివాడిది. వాడు కిటికీలోంచి చూశాడు. నేను, అంబులెన్సులో, కళ్లు మూసుకుని, ఛాతీ మీద చేతులతో. వాడికి నా మీద ప్రేమ ఎక్కువ, బుర్ర తక్కువ. ముందు నాకు ఫోన్ చేశాడు. ఫోను షెడ్డులో చార్జింగ్‌లో ఉంది. తర్వాత మా బామ్మర్దికి చేశాడు.

ఇంటివాళ్లకు చూపిద్దామని మేస్త్రిని అడిగి అదే బండి నడుపుకుంటూ ఊళ్లోకి వచ్చాను. మా గల్లీ నిండా జనం. అరుగు మీద మా అత్త తల బాదుకుని ఏడుస్తోంది. ఎవరో అప్పటికే ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశారు. అంబులెన్సు కనపడగానే ఏడుపు రెండింతలైంది. నేను డ్రైవర్ సీట్లోంచి దిగేసరికి అంతా ఒక్కసారిగా ఆగిపోయింది. బతికొచ్చినందుకు అందరికీ సంతోషమే, కానీ కుర్చీలు తెచ్చినవాడి మొహంలో కొంచెం నష్టం కనిపించింది.

మా ఆవిడ జనంలోంచి వచ్చింది. నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"ఫోనెందుకు ఎత్తలె?"

"పేషెంట్‌ను గద, ఎట్లెత్తుత?"

కొన్ని జోకులు నోట్లోంచి దిగేటప్పుడే తెలుస్తాయి, దిగకూడదని. ఆమె చెప్పు కోసం చూసుకుంది. ఏడుస్తూ చెప్పులు లేకుండానే పరిగెత్తుకొచ్చింది కనక బతికిపోయాను. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నేను ఎవరికీ జోకులు చెప్పలేదు, ఆశ్చర్యపోకండి. మూడో రోజు అన్నం పెడుతూ అడిగింది.

"అండ్ల పండుకుంటె నిజంగనే ఎగరలేదా నువ్వు?"

"నిద్రవట్టింది."

"అయితె కొను. ఎవలేమన్న గానీ."

బామ్మర్దితో కలిసి నేను ఎన్ని బస్తాల లెక్కలు వేసినా తేలనిదాన్ని, ఆమె నా ఒక్క నిద్రతో తేల్చేసింది. బండి కొన్నాను. సైరను, పైన లైటు తీయించి, ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరిగి కాయితాలు మార్పించాను. తెల్ల రంగు మీద అంబులెన్స్ అన్న ఎర్ర అక్షరాలు గీకేశాను. కానీ ఏళ్ల తరబడి ఎండ తిన్న రంగులో అక్షరాలున్న చోటు మాత్రం తెల్లగా మిగిలింది. మిట్టమధ్యాహ్నం ఎంత చదువురానివాడైనా చదవగలడు.

ఆ అక్షరాలతోనే వచ్చింది గొడవ. మా గల్లీకి పెద్ద ఒక కాక ఉన్నాడు, వరసకు మా నాయనకు తమ్ముడు. నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి బండి ముందు నిలబడ్డాడు, దాన్ని తాకకుండా, మూరెడు దూరంలో.

"బిడ్డా, గిండ్ల ఎందరు సచ్చిండ్రో ఎవలకెరుక. పెండ్లిళ్లయ్యే పిల్లలున్న గల్లి ఇది. గిసొంటి బండిని ఇంటి ముంగట పెట్టొద్దు."

"ఎందరు బతికిండ్రో గది గూడ లెక్కవెట్టు కాకా" అన్నాను. "దవాఖానకు పోయెటోడు సావనీకె పోతడా? నీకు నొప్పి లేసిననాడు నువ్వు పోయింది గూడ గిసొంటి బండ్లనే. తిరిగొచ్చి నా మీదకే పంచాయితి దెచ్చినవ్."

వెంట వచ్చినవాళ్లలో ఒకడికి నవ్వొచ్చింది, దగ్గు కింద మార్చేశాడు. కాకకు మాత్రం కోపం వచ్చింది. ఆదివారం లోపు బండి కదలకపోతే గల్లీ అంతా కలిసి తోసి మెయిన్ రోడ్డు మీద పెడతామని చెప్పి వెళ్లిపోయాడు. క్యాంపు శనివారం. ఆదివారం దాకా గడువిచ్చాడు, మంచివాడు.

సాయంత్రం బామ్మర్ది ఒక ఉపాయం తెచ్చాడు. బండి మొత్తం నీలం రంగు కొట్టి, మీద అలలు గీయిస్తే అదేం బండో ఎవరికీ తెలియదట, మేడంకు కూడా నచ్చుతుందట. పెయింటర్‌ను కూడా మాట్లాడుకొచ్చాడు. ఉపాయం మంచిదే. నాకే ఒంటబట్టలేదు. నేనేం దొంగిలించుకు రాలేదు. మనుషుల్ని మోసిన బండి, మోసీ మోసీ మెత్తగా నడవడం నేర్చుకున్న బండి. దాని ఘనతే అది. బస్తాలు మోసిన బండికి పసుపు రాసి దండేసేవాళ్లు దీన్ని చూసి ఎందుకు మూతి ముడవాలి? పెయింటర్‌ను టీ తాగించి పంపేశాను.

పూజ చేయించడానికి గుడికి పోతే పూజారిగారు బండి వైపు ఒకసారి చూసి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టమన్నారు, అంతే. మా అత్త రానంది. కొబ్బరికాయ మా ఆవిడే కొట్టింది, అవసరమైన దానికంటే గట్టిగా.

శనివారం తెల్లవారుతూనే మేడం ఇంటి దగ్గర ఎత్తాం. ఈసారి తాడు లేదు, కర్ర లేదు, మెలి లేదు. కింద పరుపు పరిచాం, ఒక్కో బోర్డునీ పాత బొంతలో చుట్టాం, పిల్లల్ని పక్కపక్కన పడుకోబెట్టినట్టు అంచు మీద నిలిపి సర్దాం. వెడల్పాటి గుడ్డ పట్టీలు పట్టీ పట్టనట్టు వేశాం. మేడం తన కారులో వెనక వస్తానన్నారు. నేను తాళం తిప్పబోతుంటే పక్క తలుపు తెరుచుకుంది. నేను బతికొచ్చిన రోజు, ఈ జన్మలో ఈ బండెక్కనని మా అత్త ముందు ఒట్టేసిన మా ఆవిడ, టిఫిన్ డబ్బాతో సహా ఎక్కి కూర్చుంది. నేను ఏదో అనబోయాను. రోడ్డు చూసి నడుపు అంది.

హైవే మీద ఒక చిత్రం జరిగింది. ఎండెక్కిన కొద్దీ గీకేసిన అక్షరాలు తేలాయి. లారీలు పక్కకు జరిగి దారిస్తున్నాయి. బైకు మీద పోతున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి దండం పెట్టాడు. పదమూడేళ్లు హారన్ కొట్టి కొట్టి బొటనవేలు అరిగింది, ఎవడూ జరగలేదు. మధ్యలో ఒక కానిస్టేబుల్ ఆపి, పేషెంట్ ఎక్కడ అని అడిగాడు. తొమ్మిది మంది సార్, అందరూ నిద్రపోతున్నారు అన్నాను. తలుపు తెరిచి, బొంతల్లో చుట్టుకుని పడుకున్న బోర్డుల్ని చూసి, కాయితాలు చూసి, ఇవి ఏమిటని అడిగాడు. చెప్పాను. శంషాబాద్ నుంచా అన్నాడు. శంషాబాద్ నుంచే అన్నాను, ఏం, ఉండకూడదా అన్నట్టు. పొమ్మన్నాడు.

గుంటూరు దాటాక వంతెన పని దగ్గర దారి మళ్లించారు. రెండు కిలోమీటర్లు కంకర పోసి వదిలేసిన మట్టి దారి. మా ట్రాలీ పోయినసారి ఇలాంటి చోటే దూడయింది. బండి ఆపాను. మెత్తగా నడిచే బండే, కానీ కాటేదాన్‌లో పడుకున్నది నేను, ఎగిరినా నాకు పెంకు లేదు పగలడానికి. ముందు చూస్తే రాళ్లు, వెనక చూస్తే మేడం కారు. మా ఆవిడ దిగింది. వెనక తలుపు తెరిచి ఎక్కి, తోడు వచ్చినవాళ్లు కూర్చునే బల్ల మీద కూర్చుంది. రెండు చేతులూ చాపి, అంచున ఉన్న బోర్డుల మీద పెట్టింది.

"ఇగ పోనియ్" అంది. "మెల్లగ. నేను జెప్తె ఆపు."

ఆ రెండు కిలోమీటర్లూ ఆమె గొంతు మీద నడిపాను. జర ఎడమకు, జర ఆగు, పోనియ్. పదమూడేళ్ల డ్రైవరును నేను, ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. నడక వేగం కంటే తక్కువగా పోతుంటే వెనక లారీలవాళ్లు కూడా హారన్ కొట్టలేదు. లోపల ఎవరో ప్రాణం మీద ఉన్నారనుకుని ఉంటారు. ఒక రకంగా నిజమే.

సూర్యలంకలో మేడం ఒక్కో బొంతా తనే విప్పారు. ఒక్కో బోర్డు మీదా, మూతి నుంచి తోక దాకా, కిందా పైనా అరచేయి జరిపారు. ఎనిమిదో దాని దగ్గర చేయి ఆగింది. నేను వంగి చూశాను. బొంత పోగు అతుక్కుని ఉంటే తీసి పక్కన పడేశారు. తొమ్మిదోది కూడా అయ్యాక నడుం నిటారుగా పెట్టి సముద్రం వైపు చూశారు.

"వచ్చే నెల రెండో శనివారం. మీకు వీలవుతుందా?"

మా ఆవిడే అవుతుందని చెప్పింది.

ఆదివారం సాయంత్రం ఊరికి చేరాం. బండిని నేరుగా గల్లీలోకి తెచ్చి, రోజూ పెట్టే చోటే, కాక ఇంటికి ఎదురుగా పెట్టాను. ఉప్పుగాలి తగిలిన బండిని ఆ పూటే కడగకపోతే అడుగున తుప్పు పడుతుందని మేస్త్రి చెప్పి ఉన్నాడు. పైపు పట్టి చక్రాల సందుల్లో కొట్టడం మొదలుపెట్టాను. తడి తెరచాపల్ని ఆరబెట్టి ఇమ్మని మేడం చెప్పారు. మా ఆవిడ వాటిని, రెండు వెనక తలుపులూ తెరిచి, తలుపు నుంచి మా ప్రహరీ దాకా, అక్కడి నుంచి కరెంటు స్తంభం దాకా పరిచింది. పసుపూ, గులాబీ, ఆకుపచ్చ. గల్లీ మూసుకుపోయింది. తోసే జనం వచ్చినా, తోయడానికి ముందు తెరచాపల కింద దూరి రావాలి.

కాక బయటికొచ్చాడు. వెంట ఎవరూ లేరు. బండి అడుగు నుంచి పారుతున్న నీళ్లలో ఇసుక మెరుస్తుంటే దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"పలిగినయా?"

"ఒక్కటి గూడ పలగలె."

తల ఊపాడు. అంతలోనే తను వచ్చిన పని గుర్తొచ్చినట్టు గొంతు గట్టి చేసుకున్నాడు. "ఇగ గిది ఈడికెల్లి ఎన్నడు పోతది?"

"రెండో శనివారం, కాకా. ఆదివారం మల్ల ఈడికే వస్తది."

నా వైపు చూశాడు, మా ఆవిడ వైపు చూశాడు. ఆమె తెరచాప మూలను స్తంభానికి ముడి వేస్తూ అతన్ని చూసి, ముడిని ఇంకొంచెం బిగించింది. కాక లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. నేను పైపు అటు తిప్పి, రెండో వైపు చక్రం కడగడం మొదలుపెట్టాను.